ఆముదం వాసన లేని ఇంజనూ ఒక ఇంజనేనా?

ఈ మధ్య మోడల్ విమానాలు పట్టుకుని మైదానానికి వచ్చే కుర్రాళ్లను, ‘నాయనా, ఇంధనంలో నూనె ఎంత?’ అని అడిగితే, ‘పన్నెండు శాతం అంకుల్, ప్యూర్ సింథటిక్’ అంటున్నారు గర్వంగా. పన్నెండట! మా రోజుల్లో గ్లో ఇంజన్‌కి మెథనాల్లో పాతిక శాతం దాకా ఆముదమే పోసేవాళ్లం. డీజిల్ ఇంజన్‌కైతే ఈథర్ ఒక వంతు, కిరోసిన్ ఒక వంతు, ఆముదం ఒక వంతు. (పేరుకే డీజిల్, అందులో డీజిల్ చుక్క ఉండదు.)

అలాగని ఏ ఆముదం పడితే అది కాదు. గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి తీసిన వంటాముదం తలకి రాసుకోవడానికి బాగుంటుంది గానీ ఇంజన్‌కి పనికిరాదు. అందులో తేమ, జిగురు మిగిలిపోతాయి. మందుల షాపులో దొరికే లేత పసుపు ఆముదం తెచ్చుకోవాలి. పాలమూరు, నల్లగొండ చేలల్లో ఆముదం పండుతుంటే, వీళ్లు విదేశీ సీసాల కోసం వారాల తరబడి ఎదురుచూస్తారు!

సూది వాల్వు ఒక పిసరు ఎక్కువ బిగిసి, ఇంధనం తగ్గి, ఇంజన్ కుతకుతలాడినప్పుడు తెలుస్తుంది ఆముదం విలువ. ఆ వేడికి సింథటిక్ కాలిపోయి చేతులెత్తేస్తుంది. ఆముదం చిక్కబడి లోహాన్ని పట్టుకుని కూర్చుంటుంది, పిస్టన్ బతికిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, లె రోన్ రోటరీ ఇంజన్లు తిరిగింది కూడా దీనితోనే. పెట్రోల్లో తేలిగ్గా కలవదు కాబట్టి కొట్టుకుపోదు.

ఎగ్జాస్టు దగ్గర కారే నూనెను తెల్లకాగితం మీద పట్టి, ఎండలో వంచి చూసేవాళ్లం. తేనె రంగులో ఉంటే నిశ్చింత. బూడిదరంగు తిరిగి సన్నగా మెరిసిందంటే లోపల లోహం అరుగుతున్నట్టే, ఆ రోజుకి విమానం ఎగరదు. ఇప్పుడు కాగితం ఎవరు పడతారు? సగం మంది చేతిలో బ్యాటరీ విమానాలు. వాటికి నూనె లేదు, పొగ లేదు, దోమలా ఒకటే రొద.

ఆముదంతో తిప్పలు లేవనను. చొక్కా మీద పడితే మరక వదలదు, ఇంట్లో ఆడవాళ్ల తిట్లు అదనం. ఇంజన్ మీద గోధుమరంగు పూత పేరుకుంటుంది. ఏడాది మూలన పడేస్తే క్రాంకు బిగుసుకుపోతుంది. అప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, మెల్లగా తిప్పి వదిలించుకోవాలి. బలవంతంగా ప్రొపెల్లర్ తిప్పారో, కనెక్టింగ్ రాడ్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇత్తడి స్లీవుకి క్రోమ్ పూత వేసి, అల్యూమినియం పిస్టన్ పెట్టిన ఇంజన్లకు తక్కువ నూనె చాలని తయారుచేసినవాళ్లే చెబితే సరే, కాదనను. రెండు నూనెలూ కలిపి పోసినా ఊరుకుంటాను. నా కాస్ట్ ఐరన్ పిస్టన్ ఇంజన్ దగ్గరికి మాత్రం ఆ పన్నెండు శాతం డబ్బా తెచ్చారో, మైదానం నుంచి బయటికి పంపిస్తాను.