మద్దెల నిజంగానే ఓడు

ప్రోగ్రాం తప్పు చెప్పినప్పుడల్లా కెమెరాని తిట్టేవాణ్ణి చూసి, ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వడం కంప్యూటర్ విజన్ లోకంలో మామూలే. అనలాగ్ వీడియో దగ్గర మాత్రం ఆ నవ్వు అన్యాయం. అక్కడ మద్దెల నిజంగానే ఓడు. దాన్ని చేసినవాళ్ళు చేతకానివాళ్ళని కాదు. వాళ్ళు పనిచేసింది ఇంట్లో టీవీ చూసే మనిషి కంటి కోసం. ఆ కన్ను మహా దయగలది, కాస్త మోసాన్ని పట్టించుకోదు. కంప్యూటర్‌కి ఆ మొహమాటం లేదు. ఇచ్చిందల్లా నిజమేనని నమ్మి లెక్కేసుకుంటుంది.

మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతే చూడండి. సెకనుకి 25 బొమ్మలు, బొమ్మకి 625 గీతలు, వాటిలో చిత్రం మోసేవి 576 దాకా. ఆ బొమ్మైనా ఒక్కసారిగా రాదు. ఒక విడత బేసి గీతలు, సెకనులో 50వ వంతు గడిచాక మరో విడత సరి గీతలు. తెర మిణుకుమిణుకుమనకుండా చేసిన ఏర్పాటిది, కంటికి హాయిగానే ఉంటుంది. ఇప్పుడు 720 పిక్సెళ్ళ వెడల్పున్న బొమ్మని ఒక పెద్దమనిషి 3 సెకన్లలో దాటాడనుకోండి. రెండు విడతల మధ్య దాదాపు 5 పిక్సెళ్ళు జరిగిపోతాడు. కంప్యూటర్ రెంటినీ కలిపి ఒకే ఫొటో అనుకుంటుంది కనుక ఆయన చొక్కా అంచంతా పళ్ళు మొలుస్తాయి. అంచులు పట్టే ప్రోగ్రాం మనిషిని వదిలేసి, ఆ పళ్ళని భక్తిశ్రద్ధలతో లెక్కపెడుతుంది. చొక్కాకి సన్నచారలుంటే వేడుక రెట్టింపు. రంగునీ వెలుగునీ ఒకే సిగ్నల్‌లో కలిపి పంపడం వల్ల, చారల్ని డీకోడర్ రంగని భ్రమపడి తెలుపు-నలుపు చొక్కాకి హోళీ ఆడిస్తుంది. ఇక టేపు మీద ఎక్కించిన వీడియోలో గీతల మొదళ్ళు అటూ ఇటూ కదులుతుంటాయి; కదలిక కొలిచే ప్రోగ్రాంకి గోడ కూడా షికారుకి బయల్దేరినట్టే కనిపిస్తుంది.

లోపాల్ని తట్టుకోవడమేగా అల్గారిదమ్ గొప్పతనం, అంటారు. ఎటుపడితే అటు చెదిరే లోపాలైతే సగటు తీస్తే సర్దుకుంటాయి. ఇవి క్రమశిక్షణగల లోపాలు. డేటా ఎంత పోస్తే ప్రోగ్రాం అంత ధీమాగా తప్పు నేర్చుకుంటుంది. రెండు విడతల్నీ సాఫ్ట్‌వేర్‌తో అతికిస్తే సరి, అనేవాళ్ళూ ఉన్నారు. అతుకు వేసేది లేని గీతల్ని ఊహించే కదా. ఊహని స్కేలుపెట్టి కొలవడం కవిత్వంలో చెల్లుతుందేమో, పరిశోధనలో చెల్లదు. 1987లో రోజర్ త్సాయ్ అనే పరిశోధకుడు మామూలు టీవీ కెమెరాలతోనే కచ్చితమైన కొలతలు తీయలేదా అన్నది గట్టి ప్రశ్నే. తీశాడు. ఎలా? కెమెరా గీత గీసే వేగానికీ, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పరికరానికీ పొంతన కుదరక అడ్డంగా వచ్చే తేడా కోసం తన సమీకరణాల్లో విడిగా ఒక గుణకం పెట్టుకున్నాడు. అంటే ఆ మహానుభావుడు సిగ్నల్‌ని నమ్మి గెలవలేదు, అనుమానించి గెలిచాడు.

పాత టేపులు తప్ప వేరే గతిలేనివాళ్ళు కనీసం రెండు విడతల్నీ విడదీసి, దేని సమయం దానికి రాసుకుని వాడండి. కొత్తగా తీసేవాళ్ళు ఒక డిజిటల్ కెమెరా కొనుక్కోండి, బొమ్మంతా ఒకేసారి పట్టేది. అప్పటికీ గోడ నడుస్తుంటే ప్రోగ్రాం రాసినవాణ్ణి నిరభ్యంతరంగా తిట్టవచ్చు.