గుండుకో టోపీ

ధనుర్మాసంలో తిరుమల కొండమీద గుండు చేయించుకున్నవాడికి స్వామి తర్వాత గుర్తొచ్చేది ఉన్నిటోపీ. సుమారు 2,800 అడుగుల ఎత్తు, ఎముకలు కొరికే మంచు, సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే నెల. కల్యాణకట్టలో పైసా తీసుకోకుండా తల నున్నగా గీసి పంపిస్తారు. ఆ తలను చలినుంచి కాపాడుకునే ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే. ఈ సంగతి అంగళ్లవాళ్లకు బాగా తెలుసు. గుండు కనబడితే చాలు, చుట్టాన్ని చూసినంత సంబరపడతారు.

"రాండి సామీ, టోపీ ఏసుకోండి. గాలికి గుండు జిల్లుమంటాది."

మావాడి గుండుమీద గంధం ఇంకా ఆరలేదు.

"ఎంతక్కా?"

"నూటయాభై."

"ఎనభైకి ఇస్తావా?"

కాసేపటి కిందట ఇదే మనిషి హుండీ ముందు జేబులో చెయ్యిపెట్టి, చేతికి ఎంతొస్తే అంత, లెక్క చూడకుండా వేసేశాడు. ఇదేమిట్రా అంటే, "పెళ్లికని కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకు స్వామి ఇంకా వడ్డీ కడుతున్నాడు కదరా, మనమీ మాత్రం ఆదుకోకపోతే ఎట్లా?" అన్నాడు. ఆ జాలి టోపీలమ్మే అక్కదాకా రాలేదు. ఆమెకూ అప్పులుంటాయి. ఇచ్చినవాళ్లు కుబేరుడంత ఓపిక పట్టేవాళ్లూ కారు. పైకి అనలేదు లెండి. బేరంలో మూడోవాడు నోరు విప్పితే ఇద్దరికీ శత్రువవుతాడు.

తెలుగులో ధర దిగడంలేదని మావాడు తమిళంలోకి మారాడు. ఆమె అంతకంటే మంచి తమిళంలో అదే ధర చెప్పింది. చివరకు నూటిరవైకి తెగింది.

పక్క అంగట్లో ఎర్రటి కొయ్యబొమ్మల జంట. "అసలైన ఎర్రచందనం సామీ, మన శేషాచలం మాను" అన్నాడు అంగడాయన. మావాడి మొహం వెలిగింది, ఆ వెంటనే పాలిపోయింది. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ పోలీసులు ఇదే అడవిని గాలిస్తుంటారాయె. గొంతు తగ్గించి, "కిందకి దిగేటప్పుడు పట్టుకోరు కదా?" అన్నాడు.

"భయమెందుకు సామీ, ఎరుపంతా రంగే" అని ఆయన ధైర్యం చెప్పాడు.

"రంగుకా ఇంత ధర?"

అసలుదైతే భయం, కాకపోతే బాధ. బొమ్మను గోటితో గీకాడు, వాసన చూశాడు, ఎండకు పట్టి చూశాడు. దొంగసొత్తు కానందుకు కాస్త ఊరట, అందుకే కాస్త నిరాశ. ఏదైతేనేం, కొన్నాడు.

1944లో వేసిన పాత ఘాట్‌రోడ్డు ఇప్పుడు దిగడానికే. మలుపు మలుపుకీ చలి తగ్గిపోతుంది. అలిపిరి చేరేసరికి మావాడి టోపీ కిందనుంచి చెమట చెవులమీదకి కారుతోంది. తియ్యరా అంటే, "డబ్బులు పెట్టి కొన్నా" అంటాడు.

గాంధీరోడ్డులో ఒక అంగడి ముందు ఠక్కున ఆగిపోయాడు. అదే టోపీ, అదే రంగు, నెత్తిన అదే ఉన్నికుచ్చు. అడగొద్దురా అని చెయ్యి పట్టి లాగాను. అడిగాడు.

"ఎనభై సార్."

కుమిలిపోతాడనుకున్నాను. ఛాతీ విరుచుకుని నావైపు తిరిగాడు. "చూశావా! దీని ధర ఎనభయ్యేనని కొండమీద నేను చెప్పలా?"

ఇంకో టోపీ కొన్నాడు. ఒకే గుండుకి రెండెందుకురా అన్నాను.

"లెక్క తెలీదురా నీకు. రెండూ కలిపితే ఒక్కోటీ వందే పడింది."