ఒక క్లిప్పు రాజీనామా, అసెంబ్లీ రద్దు

విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగిన దగ్గర్నుంచీ కార్ల సర్వీస్ సెంటర్ల గోడలు కళకళలాడుతున్నాయి. తగ్గింపు మొత్తం మీకే ఇచ్చేస్తున్నామంటూ బ్యానర్లు. సంతోషం. లెక్క కూడా కట్టుకుందాం. పన్ను కాకుండా వంద రూపాయలయ్యే వస్తువు అప్పట్లో 128 పడేది, ఇప్పుడు 118 పడుతుంది. మిగిలింది పది. ఆ పది మన జేబులో పెట్టినందుకు ఇంత ఊరేగింపు చేస్తున్నవాళ్లు, అసలు ఆ వంద రూపాయల వస్తువు మనకు అవసరమా అన్న ప్రశ్న మాత్రం బ్యానర్ మీద ఎక్కడా రాయలేదు. ముక్క విరిగితే మూట అంటగట్టే వ్యాపారంలో మూట మీద పన్ను తగ్గితే పండగ ఎవరిదో వేరే చెప్పాలా? పవర్ విండో చెడిన కారు ఒకటి చాలు, సంగతి తేలిపోవడానికి.

డ్రైవర్ పక్క అద్దం తలుపులోకి జారిపోయింది. బటన్ నొక్కితే లోపల మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. మోటారు తిరుగుతోందంటే ఫ్యూజు బాగుంది, స్విచ్చు బాగుంది, వైరింగు బాగుంది. ఇక అనుమానించాల్సినవి మూడే: అద్దాన్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిందా, దాన్ని లాగే సన్నటి ఉక్కు తీగ తెగిందా, మోటారు లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోయాయా. కార్ల గురించి ఓనమాలు రానివాడికైనా చెవులు పనిచేస్తే తట్టే విషయం ఇది. కానీ ఎస్టిమేట్ కాగితం మీద ఒకే పంక్తి ఉంటుంది: రెగ్యులేటర్ అసెంబ్లీ, అంటే అద్దాన్ని ఎత్తి దించే సరంజామా అంతా, మోటారుతో సహా. క్లిప్పు ఒక్కటే మార్చరా అంటే, ‘విడిగా రాదు సార్, అసెంబ్లీ మొత్తం మార్చాల్సిందే’ అని కంప్యూటర్ వైపు చూపిస్తారు. ఎమ్మెల్యే ఒకాయన రాజీనామా చేస్తే ఆ ఒక్క సీటుకు ఉప ఎన్నిక పెడతారు. ఇక్కడ క్లిప్పు రాజీనామా చేస్తే ఏకంగా అసెంబ్లీయే రద్దు! నిక్షేపంలా తిరుగుతున్న మోటారు, వంకర పోని పట్టా, అరగని కప్పీ, అన్నీ ఒక్క దెబ్బతో మాజీలు.

పోనీ, అంత ఖర్చూ పెట్టించాక జబ్బు కుదురుతుందా అంటే అదీ లేదు. ఆ క్లిప్పు ఎందుకు విరిగిందో ఎవరూ అడగరు. మన ఎండలకు అద్దం జారే రబ్బరు బీడింగ్ ఎండి బిగుసుకుపోతుంది, దాని సందుల్లో దుమ్ము పేరుకుంటుంది. అద్దం పైకి రావడానికి పెనుగులాడుతుంది. ఆ భారమంతా తీగ మీద, క్లిప్పు మీద పడుతుంది. చివరికి బలహీనమైనది విరుగుతుంది. బీడింగ్ శుభ్రం చేసి కాస్త సిలికాన్ స్ప్రే కొట్టడం, మరీ పాడైతే బీడింగ్ మార్చడం అసలు వైద్యం. అది చేయకుండా కొత్త అసెంబ్లీ బిగిస్తే, కొత్త క్లిప్పు కూడా అదే బీడింగ్‌తో కుస్తీ పడుతుంది. అంటే మనం డబ్బు పోసి కొన్నది తర్వాతి రిపేరునన్న మాట.

‘క్లిప్పు మార్చడానికి లేబర్ ఎక్కువవుతుంది, దానికంటే అసెంబ్లీయే నయం’ అన్న వాదన ఒకటుంది. తలుపు ప్యాడ్ విప్పడం దేనికైనా తప్పదు. అద్దాన్ని పైన నిలబెట్టడం దేనికైనా తప్పదు. రెగ్యులేటర్ బయటికి తీయడం దేనికైనా తప్పదు. తేడా వచ్చేది బల్ల మీద క్లిప్పు మార్చే కాసేపట్లోనే. కొన్ని కార్లలో రెగ్యులేటర్‌ను రివెట్లతో బిగిస్తారు, నిజమే. అయితే అసెంబ్లీ మార్చాలన్నా ఆ రివెట్లే తీయాలి కదా! ‘క్లిప్పు మార్చాక మళ్లీ విరిగితే మాట మాకొస్తుంది’ అన్న భయం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. దానికి మందు కాగితం మీదే ఉంది: క్లిప్పుకు ఇంత, గ్యారంటీ లేదు, అసెంబ్లీకి ఇంత, గ్యారంటీ ఇన్ని నెలలు. రెండూ రాసి కారు యజమాని ముందు పెడితే ఏది కావాలో అతనే చెబుతాడు. రెండో పంక్తి రాయకపోవడం సాంకేతిక ఇబ్బంది కాదు, దోపిడీ.

ఈ మాట కోపంతో అంటున్నది కాదు, ఒకవేళ కోపమే అయినా దానికి రికార్డు ఉంది. విడిభాగాలనూ రిపేరు సమాచారాన్నీ బయటి గ్యారేజీలకు అందకుండా బిగబట్టినందుకు 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఏకంగా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరకాలంది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందని బెదిరించొద్దంది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచి అందులో కార్లనూ చేర్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుపును బయటి గ్యారేజీవాడు ముట్టుకుంటే వారంటీ పోతుందన్న పాత పాటే కౌంటర్ దగ్గర వినిపిస్తోందంటే సిగ్గుపడాల్సింది ఎవరు? చెడిన ముక్కేదో తెలుసుకునే హక్కు, దాన్నొక్కదాన్నే కొనుక్కునే హక్కు ఎవరో దయతలచి ఇచ్చే డిస్కౌంటు కాదు.

భద్రత పేరు చెప్పి నోరు మూయించేవాళ్లూ ఉన్నారు. నకిలీ భాగాలు ప్రమాదమే, ఎవరు కాదన్నారు? కానీ కంపెనీ పెట్టెలో రానిదంతా నకిలీ కాదు. కార్ల కంపెనీకి సరఫరా చేసే తయారీదారే సొంత పేరుతో అమ్మేది ఒకటి, వేరే తయారీదారు తన పేరు ధైర్యంగా ముద్రించుకుని అమ్మేది ఒకటి, విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు నుంచి విప్పిన అసలు భాగం ఇంకొకటి. కంపెనీ పేరును దొంగగా అచ్చేసుకున్నదే నకిలీ. నాలుగింటినీ ‘డూప్లికేట్’ అనే ఒకే గంపలో పోయడం వల్ల దొంగకు ముసుగు, నిజాయితీపరుడికి మచ్చ. పిల్లల చెయ్యి అడ్డొస్తే అద్దం దానంతటదే ఆగి వెనక్కి దిగే ఏర్పాటున్న కార్లలో మోటారు విషయంలో జాగ్రత్త పడాల్సిందే, అక్కడ సరిపోలని మోటారు ప్రమాదం. అలాంటప్పుడు ఏ మోటారు సరిపోతుందో ఆ వివరాలు బయటపెట్టండి. రహస్యంగా ఉంచి భద్రత అనడం భద్రత కాదు.

కొనేవాళ్లేమైనా తక్కువ తిన్నారా! ఫొటో చూసి ఆన్‌లైన్‌లో మోటారు తెప్పించుకోవడం ఇప్పుడు కొత్త మోజు. ఎడమ తలుపుదా కుడిదా, ముందుదా వెనకదా, ఏ సంవత్సరం మోడల్, కనెక్టర్‌లో వైర్లు రెండా ఆరా, ఇవేవీ చూడరు. మోటారు నిజంగా చచ్చిందో లేదో రెండు వైర్ల రకమైతే బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూస్తే నిమిషాల్లో తేలుతుంది. చాలాసార్లు చప్పుడే రాని కేసుల్లో నేరం మోటారుది కానే కాదు. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ మడత పడే రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. అది చూడకుండా మోటారు కొనేవాడికీ, క్లిప్పుకు అసెంబ్లీ రాసేవాడికీ తేడా ఏమిటంటే మొదటివాడు తన డబ్బే తగలేస్తాడు.

కాబట్టి పన్ను తగ్గించిన ప్రభుత్వం ఇంకో పని కూడా చేయాలి. విడిగా విరిగే ప్రతి ముక్కకూ విడిగా నంబరు, విడిగా ధర ఉండాలని నిబంధన పెట్టాలి. అంతవరకూ కారు యజమానులు చేయగలిగింది ఒకటుంది: విరిగిన ముక్కను అరచేతిలో పెట్టి చూపించేదాకా ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకండి, మార్చిన పాత అసెంబ్లీని అక్కడ వదిలి రాకండి. అందులోని మోటారు ఇంకా బతికే ఉంది, డబ్బు కట్టింది మీరే.