రెండు గీతల చెంచా

నా ఒంటి మీద రెండు గీతలు. కింది గీత ఒక మిల్లీ, పై గీత రెండు. విటమిన్‌-ఎ సీసా మెడకి వేలాడుతూ వచ్చాను. మిల్లీకి లక్ష యూనిట్లు. తొమ్మిదో నెలలో సగం చెంచా, ఆపైన ఆర్నెల్లకోసారి నిండు చెంచా. అయిదేళ్లు నిండేలోగా మొత్తం తొమ్మిదిసార్లు. రేచీకటి రాకూడదనీ, నల్లగుడ్డు పాడవకూడదనీ ఈ తిప్పలు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల పుణ్యమా అని 1970లో దేశమంతా మొదలైన పని ఇది.

నేను పడింది అరకులో, ఓ ఆశా కార్యకర్త సంచిలో. డుంబ్రిగుడ వైపు గెడ్డ దాటి, కాఫీ తోటల్లోంచి ఎక్కితే గూడెం. పదకొండు మంది పిల్లలు. నూనె జిడ్డు తగలగానే ముఖం చిట్లించేవాళ్లు, గీత మీద పంటిగాటు పెట్టేవాళ్లు.

సీసాలో వంద మిల్లీలు, అంటే యాభై నిండు చెంచాలు. మూత తీశాక రెండు నెలలు దాటి ఉంచకూడదు. పదకొండు నోళ్లకి ఎంత ఖర్చవుతుంది? మిగిలింది పారబోస్తే, ఖాళీ సీసాని చూసి యాభై మంది తాగారని రాసుకోవచ్చు. పుస్తకంలో పేరెక్కని పిల్లాడు మందు తాగితే తాగినవాళ్ల లెక్కలో ఉంటాడు, తాగాల్సినవాళ్ల లెక్కలో ఉండడు. అలా నూటికి నూరు దాటిన ఊళ్లూ ఉంటాయి!

అందుకే సర్వేవాళ్లు గడప గడపకీ వెళ్లి అడగడం. టీకాల వాళ్ల పాత పద్ధతిలో 30 చోట్లకి చీటీ తీసి, చోటుకి ఏడుగురు పిల్లల్ని చూస్తారు. జనం ఎక్కువున్న ఊరికే చీటీ తగిలే వీలెక్కువ. లెక్కకది న్యాయమేనట, కొండకొమ్మున పది గడపల గూడెం ఎన్నాళ్లు కాచుకోవాలో మరి. ట్రకోమా అనే కంటిజబ్బుకి ఊరంతటికీ అజిత్రోమైసిన్ మందు పంచే ఆఫ్రికా దేశాల్లోనూ ఇదే తంతు: నూటికి 80 మందికైనా అందాలి, అందిందో లేదో ఇంటికెళ్లి అడగాలి.

ఓసారి మా గూడేనికే చీటీ తగిలింది. అంచు చిట్లి మూలపడ్డ నాకు రెండో కొలువు దొరికింది, సాక్ష్యం.

"అమ్మా, దీంతో మందేశారా మీ బాబుకి?" సర్వే అమ్మాయి నన్ను ఎత్తి చూపింది.

"ఏసినారు కాబోలు. చుక్కలేసినారో, ఇదే ఏసినారో... నాను కొండకెల్లిపోనాను గదా."

చంకలో పిల్లాడు నన్ను చూశాడు. పెదాలు గట్టిగా బిగించి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సర్వే అమ్మాయి తల వంచుకుని 'తెలియదు' గడిలో టిక్కు పెట్టుకుంటోంది.