నేను సేఫ్టీ బెల్టుని

లైన్‌మన్ నడుముకు కట్టుకునే సేఫ్టీ బెల్టుని నేను. కోనసీమలో ఒక సబ్‌స్టేషన్‌కు రబ్బరు గ్లౌజులు, డిశ్చార్జ్ రాడ్డుతో పాటు వచ్చాను. వచ్చిన రోజే రిజిస్టర్లో ఎక్కించి సంతకం తీసుకున్నారు.

మా దగ్గర 11 కేవీ లైనుకు వేసే సిమెంటు స్తంభం పొడవు 9.1 మీటర్లు. ఒకటిన్నర మీటరు భూమిలోకి పోగా మిగిలినదంతా ఎక్కాల్సిందే. పైన ఇన్సులేటర్ మార్చాలంటే రెండు చేతులూ కావాలి. నా తాడు స్తంభం చుట్టూ తిప్పి కొక్కెం రింగులో వేస్తే ఆ రెండు చేతులూ పనికి దొరుకుతాయి. కొక్కెం టక్కుమని పడ్డాకే మనిషి వెనక్కి వాలతాడు. ఉప్పుగాలికి నా కొక్కెంలో స్ప్రింగు తుప్పుపట్టి, నాలుక సగంలోనే ఆగిపోయేది. పెద్ద లైన్‌మన్ ఆ సంగతి పైవాళ్లకు చెబుతూనే వచ్చాడు. కొత్త బెల్టు రాలేదు.

గాలివానకు ఫీడర్ పోయిన రోజున కాంట్రాక్టర్ పంపిన కుర్రాడు ఎక్కాడు. వయసు 30. లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకున్నారు, లైనును విడదీసే ఏబీ స్విచ్ తీశారు, ఎర్తింగ్ చేశారు. కరెంటు వైపు నుంచి ఏ లోటూ లేదు. వాడు నా కొక్కెం నొక్కి చూసి, "ఇది పట్టదు బాబాయ్" అని నన్ను పక్కన పెట్టాడు. ఊరంతా చీకట్లో ఉంది, ఫోన్లు ఆగడం లేదు. తడి స్తంభం మీద కాలు జారింది. వెన్నుపూస విరిగి, నడుము కింద చచ్చుబడిపోయింది.

"వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అంది ఆఫీసు. "బెల్టు ఇచ్చాం, పెట్టుకోలేదు" అన్నాడు కాంట్రాక్టర్. బెల్టు ఉందనడానికి ఇద్దరూ చూపించింది రిజిస్టర్లోని ఆ సంతకమే.

కుర్రాడి నాన్న కార్మిక శాఖలో పరిహారానికి కేసు వేశాడు. నన్ను గోనెసంచిలో వేసి విచారణకు పట్టుకెళ్లారు. చట్టం ఏమంటుందో నాకు అక్కడే తెలిసింది. అప్పటికి అమల్లో ఉన్నది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. తన సొంత పనిని కాంట్రాక్టర్ చేత చేయించుకున్నా, పరిహారం అసలు యజమాని దగ్గరే రాబట్టుకోవచ్చంటుంది సెక్షన్ 12. ఆ తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడం ఆ యజమాని తంటా. కార్మికుడు కావాలనే భద్రతా సాధనాన్ని పక్కన పెట్టాడన్న వాదన చిన్న గాయాలకు పనికొస్తుందేమో గానీ, మనిషి చనిపోయినా శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా సెక్షన్ 3 ప్రకారం అది చెల్లదు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ రెండు సూత్రాలూ ఉన్నాయి.

పూర్తి వైకల్యం అంటే ఏమిటో చెప్పడానికి, జయపురంలో సినిమా హాల్లో పని చేస్తూ కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసును కుర్రాడి తరఫు వకీలు ఎత్తాడు. అది పాక్షిక వైకల్యమేనన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది పూర్తి వైకల్యమే అంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కూడా తేల్చింది.

కుర్రాడి లెక్క ఇలా కట్టారు. జీతం ఎంతున్నా లెక్కలోకి వచ్చేది నెలకు 15,000 వరకే. అందులో 60 శాతం 9,000. దాన్ని 30 ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన 207.98తో హెచ్చవేస్తే 18,71,820 రూపాయలు. వైద్యం ఖర్చు వేరు. నెలలోపు కట్టనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ. మంచం దిగలేని కొడుకును జీవితాంతం చూసుకోవాల్సిన ఇంటికి ఇది ఏ మూలకు?

ఇంకో మాట కూడా చెప్పాలి. నా స్ప్రింగు బాగున్నా నేను చాలను. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి పని చేసుకోవడానికి పుట్టినదాన్ని. మనిషి జారి పడితే ఆ కుదుపంతా నడుము మీదే పడుతుంది. దాన్ని భుజాలకూ తొడలకూ పంచేది ఒళ్లంతా పట్టే హార్నెస్. అది కొనాల్సింది యజమాని. ఎక్కే ముందు కొక్కెం పరీక్షించాల్సింది, పట్టకపోతే పని ఆపాల్సింది పక్కనుండే సూపర్‌వైజర్. ఊరు ఇంకో గంట చీకట్లో ఉన్నా సరే, ఆ కుర్రాణ్ణి కిందికి దించి ఉండాల్సింది.