ఇల్లుగట్టు నరుని పద్యం: టీకా, తాత్పర్యం

ఆ.వె.
పటము పిదప పత్రమటుపై పునాదిని
చూపి కప్పవలయు చుట్టమైన
ఇటుక కన్న ముందు పటువైన కాగితం
నడుచునిల్లుగట్టు నరుని యెదుట

అవతారిక: యాంగోన్‌లో హ్లైంగ్ నది ఒడ్డు పేట చిమిండైంగ్. యాంగోన్ రంగూన్‌గా ఉన్న రోజుల్లో రేవులో మూటలు మోసి కోరంగీలనిపించుకున్న తెలుగువాళ్ళ వంశంలో ఒక చిన్నవాడు అక్కడ సొంతిల్లు మొదలుపెట్టబోతున్నాడు. అనుమతి ఇచ్చేది 1990లో చట్టంతో ఏర్పడిన నగరాభివృద్ధి కమిటీ. "కాగితాలన్నీ ఒక్కసారే పడేసి వస్తాను మావయ్యా" అన్నాడు. మేనమామ జవాబే ఈ పద్యం.

ప్రతిపదార్థం:
పటము = స్థలం పటం. ఇంటి ప్లాను అని కొందరి వ్యాఖ్య; వారు ఇల్లు కట్టినవారు కారు. హద్దులు తేలకముందే ప్లాను గీయించినవాడి గోడ పొరుగువాడి మెట్ల మీద లేస్తుంది.
పిదప = తరవాత. ఎంత తరవాత అన్నది కవి చెప్పలేదు. అడగడం ఔచిత్యం కాదు.
పత్రము = హక్కు పత్రం. గ్రాంటు భూమి అయితే, అది సర్కారు గడువు పెట్టి ఇచ్చినది కనుక, గడువు మిగిలి ఉండాలి. తాత పేరున ఉంటే తాత నుంచి మనవడి దాకా చేతులు మారిన ప్రతిసారికీ ఒక కాగితం కావాలి.
చూపి = కమిటీ ఇంజనీరుకు చూపించి.
కప్పవలయు = అప్పుడే కాంక్రీటు పోయాలి.
చుట్టమైన = వచ్చిన ఇంజనీరు సొంత బావమరిదే అయినా.
పటువైన = గట్టిదైన; ప్లాస్టిక్ కవరులో పెట్టినది అని భావం. చిమిండైంగ్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు. తడిసిన ఇటుక గోడకెక్కుతుంది, తడిసిన దస్తావేజు ఎక్కడికీ ఎక్కదు.

శంక: అన్నీ ఒకేసారి ఇస్తే నష్టమేమిటి?
సమాధానం: స్థలం, ప్లాను కాగితం మీద చూడవచ్చు. పునాదిలో ఊచ ఎంత లావుదో, స్తంభంలో రింగులు ఎంత దగ్గరగా కట్టారో తవ్విన గుంట దగ్గరే చూడాలి. కాంక్రీటు పోశాక వాటిని పరీక్షించేది భూకంపమే. 1930 మే 5న పెగూ భూకంపం రంగూన్‌లోనూ ఇళ్ళు కూల్చి ప్రాణాలు తీసింది. 2025 మార్చి 28న మాండలే దగ్గర 7.7 తీవ్రతతో వచ్చినదీ ఆ భూకంపం పుట్టిన సగాయిన్ భ్రంశం మీదే. కనుక విడతలు గుమాస్తా కల్పన కావు. ఇల్లు లేచే వరసే కాగితాల వరస.

పాఠాంతరం: తెలంగాణ ప్రతిలో "చూపి" అన్న పదం లుప్తం. 2020 నాటి టీఎస్‌ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. చూపేవాడూ నరుడే, చూసేవాడూ నరుడే. అయితే అబద్ధం రాస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం ఆ చట్టం తన దగ్గరే ఉంచుకుంది. ఈ ప్రతిలో నరుడు పటువుగా ఉండాలి.

అలంకారం: కాగితం నడవడం ఉత్ప్రేక్ష అని ఆలంకారికులు. ఫైలు వెనక ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగినవారు మాత్రం స్వభావోక్తి అన్నారు.

ధ్వని: ఇల్లు పూర్తయినట్టు కమిటీ ఇచ్చే ధ్రువపత్రం, యాంగోన్ వాడుకలో బీసీసీ, పద్యంలో ఎక్కడా లేదు. చెప్పకుండా చెప్పడమే ధ్వని. అది చేతికి రానంతవరకు గృహప్రవేశం జరిగినా ఇల్లు పూర్తయినట్టు కాదు.

తాత్పర్యం: ముందు భూమి, తరవాత ప్లాను, ఆపైన పునాది, చివర బీసీసీ, ఒకటి తేలాకే రెండోది.

ఫలశ్రుతి: ఇల్లు కట్టే పాఠకులారా, పునాది ఊచలు చూసి ఇంజనీరు సంతకం పెట్టేదాకా కాంక్రీటు లారీకి ఫోన్ చేయకండి. ఆ సంతకం నకలు ఒకటి ఇంట్లో దాచుకోండి.