భావస్వేచ్ఛకో కాంటూరు

సోషల్ మీడియాను దారిలో పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం మంత్రుల బృందాన్ని వేసింది. ఆస్ట్రేలియా చట్టం దాకా చూస్తున్నారట. అంత దూరం ఎందుకండీ, ఆకివీడు దాకా వస్తే సరిపోయేది. అక్కడి కొల్లేరు అభయారణ్యానికి 1999లో ప్లస్ 5 కాంటూరు అని హద్దు పెట్టారు, 308 చదరపు కిలోమీటర్లు. 2008లో దాన్ని ప్లస్ 3కి కుదించాలని అసెంబ్లీ తీర్మానించింది. నీళ్లు అక్కడే, కొంగలూ అక్కడే, గీత ఒక్కటే కాస్త జరగాలన్నమాట. భావస్వేచ్ఛకూ అలాంటి గీత ఒకటి గీసేయండి. ప్రతిపక్షంలో ఉంటే ప్లస్ 5, కుర్చీ ఎక్కితే ప్లస్ 3. ఎలాగూ అమల్లో ఉన్నదే, జీవో ఇస్తే మాకూ లెక్క తెలుస్తుంది.

2017 ఏప్రిల్‌లో శాసనమండలిని ఎగతాళి చేస్తూ బొమ్మ పెట్టాడని ఒకాయన్ని అరెస్టు చేశారు. అప్పుడు గుండెలు బాదుకున్న పార్టీ 2019లో గెలిచింది. గెలిచిన ఏడాదే, అక్టోబరు 30న, జీవో 2430 ఇచ్చింది. ‘తప్పుడు’ వార్త వస్తే ఏ శాఖకా శాఖ కార్యదర్శే కేసు పెట్టించవచ్చు. 2020 మేలో విశాఖ గ్యాస్ లీకు గురించి ఫేస్‌బుక్‌లో ప్రశ్నలడిగిన గుంటూరు పెద్దావిడకు సీఐడీ నోటీసు ఇచ్చింది. మరుసటి ఏడు మే 14న ఏకంగా నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును, అంటే మా తాడేపల్లిగూడెం ఓటర్ల ఎంపీనే, రాజద్రోహం కింద పట్టుకెళ్లారు. ఆయనది అధికార పార్టీయే!

ఇక గుండెలు బాదుకునే వంతు ఇటువాళ్లది. 2024లో వాళ్లూ గెలిచారు. ఆ నవంబరులో పోస్టుల మీద కేసుల జాతర మొదలైంది. సెక్షన్లు బలపడ్డాయి, ముద్దాయిల పార్టీ మారింది, అంతే తేడా. 2025 ఫిబ్రవరిలో సినీ నటుడు పోసాని కృష్ణమురళిని అరెస్టు చేసి జిల్లా తర్వాత జిల్లా తిప్పారు. ఆయన నోటిని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. కానీ ఒక నోటికి ఇన్ని స్టేషన్లా? రఘురామరాజుగారు ఇప్పుడు ఉండి ఎమ్మెల్యే, డిప్యూటీ స్పీకరు. ఎవరెంతసేపు మాట్లాడాలో చెప్పే కుర్చీ అది.

ఇదంతా ఆన్‌లైన్ భద్రత కోసమే అంటారు. ఎవరి భద్రత? ఫొటో మార్ఫింగ్ చేశారని ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లకు ‘అకౌంటు తీసెయ్యమ్మా’ అని సలహా దొరుకుతుంది. నాయకుడి మీద మీమ్ వస్తే జీపు రాత్రికి రాత్రే వేరే జిల్లాకు బయల్దేరుతుంది.

పుకార్లు ఆపొద్దా అంటారేమో. ఆపాలండి. 2022 మేలో జిల్లా పేరు మీద అమలాపురం తగలబడ్డాక కోనసీమలో నెట్టే ఆపేశారు. నిప్పు పెట్టినవాళ్ల మాటెలా ఉన్నా, ఇంటి నుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకుని గోదావరి గట్ల మీద సిగ్నల్ వెతుక్కున్నారు.

అసలు ఏది పుకారో తేల్చేదెవరు? ఈ ప్రశ్న ఏలూరు వాళ్లను అడగాలి. 2020 డిసెంబరు 5 నుంచి వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయారు. ఆరు వందలమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. నీళ్లే కారణమని కొందరు, క్లోరిన్ అని కొందరు, దోమల మందని మరికొందరు వాట్సాప్‌లో వాదించుకున్నారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. పోషకాహార సంస్థ పురుగుమందుల వైపు చూపించింది. దేశంలోని పెద్ద ప్రయోగశాలలే తలో మాట చెబుతున్న ఆ వారంలో ‘మా వీధి నీళ్ల మీద అనుమానంగా ఉంది’ అని ఓ గృహిణి రాసిందనుకోండి. అది తప్పుడు సమాచారమా? అవునో కాదో తేల్చేది కార్పొరేషనేనా, అదే నీళ్లు వదిలిన కార్పొరేషన్? కేంద్రం కూడా తన గురించి వచ్చే వార్తల్లో నిజమేదో తానే తేల్చడానికి ఫ్యాక్ట్ చెక్ యూనిట్ పెట్టబోయింది. బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో ఆ నిబంధన కొట్టేసింది.

మంత్రుల బృందానికి ఒక్క విన్నపం. కొత్త చట్టం రాసే ముందు, చచ్చిన చట్టాన్ని పాతిపెట్టమని ఠాణాలకు ఓ కబురు పంపండి. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిన సెక్షన్ 66ఏ కింద పోలీసులు ఇంకా కేసులు రాస్తున్నారని తెలిసి, 2021లో అదే కోర్టు విస్తుపోయింది.